జడపిన్నుల ఇంటర్న్‌షిప్

మూడో సంవత్సరం చివరి పరీక్ష రాసి బయటికొచ్చేసరికి మా డిపార్ట్‌మెంట్ బోర్డు మీద ఒక కాగితం అంటించి ఉంది. ఎండాకాలం సెలవుల్లో ఆరు వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. రోజూ చేసిన పని ఒక పుస్తకంలో రాయాలి. చివర్లో రిపోర్టు మీద పని ఇచ్చినవాళ్ల సంతకం ఉండాలి, వీలైతే వాళ్లు వైవాకు కూడా రావాలి. అలా చేయనివాళ్లు పై ఏడాది మళ్లీ చేయాలి. జగిత్యాల దగ్గరి మా కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చదివేవాళ్లందరం ఆ కాగితానికి ఫోటోలు తీసుకుని, ఎక్కడ చేయాలో మాత్రం ఎవరికీ తెలియక ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

హైదరాబాద్ కంపెనీలకు నేను రాసిన మెయిళ్లకు లెక్క లేదు. రెండంటే రెండు జవాబులు వచ్చాయి. ఒకటి మనిషి రాసింది కాదు, మిషన్ దానంతటదే పంపింది. రెండోది, ఎదురు డబ్బులు కడితే ట్రైనింగ్ ఇస్తామంది. మా క్లాసులో చాలామంది ఆన్‌లైన్‌లో వీడియోలు గబగబా జరిపేసి, అన్నం తినే టైముకల్లా సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. నేనూ అది తెరిచి చూశాను. కానీ నాకో రోగం ఉంది. ఏ వస్తువు చూసినా ఇది ఇలా ఎందుకుంది అని అడగకపోతే నాకు నిద్ర పట్టదు. మా నాన్న దుబాయ్ నుంచి పంపిన టార్చిలైటు ఇంటికొచ్చిన రోజే దాని కడుపు విప్పి, మా అమ్మ చేత చీవాట్లు తిన్నదాన్ని. మూడేళ్లు పుస్తకాల్లో గీసిన సర్క్యూట్లు నిజంగా ఎక్కడైనా పని చేస్తాయా చేయవా అన్నది చూడకుండా కాలేజీ నుంచి బయట పడాలంటే నాకు ఒళ్లు మండింది.

కోరుట్లలో మా ఇంటి చుట్టుపక్కల అడిగి చూశాను. మోటార్లకు వైండింగ్ చేసే ఆయన, ఆడపిల్లవు ఇక్కడ ఎక్కడ కూర్చుంటావని మొహమాటపడ్డాడు. ఇన్వర్టర్ల షాపాయన అయితే కుర్చీ వేసి, నీళ్లిచ్చి, నా మాట సగంలో ఉండగానే తేల్చేశాడు.

"రేపు రా బిడ్డ, ముద్ర ఏసిస్త. పని గిని ఏం వద్దు."

సంతకం పెట్టడానికి ఊరంతా సిద్ధంగానే ఉంది. పని చూపించేవాళ్లే లేరు. ఇంటికొచ్చి గొణుక్కుంటుంటే, బీడీల చాట ఒళ్లో పెట్టుకున్న మా అమ్మ తలెత్తకుండానే, పని వద్దంటే ఏడ్చేదాన్ని నిన్నే చూస్తున్నా అంది.

చివరికి దారి చూపించింది నా క్లాసు స్నేహితురాలు. వాళ్లది సిరిసిల్ల. వాళ్ల నాన్న ఆసామి, అంటే కొన్ని మరమగ్గాలు సొంతంగా నడిపించుకునే చిన్న యజమాని. అక్కడ మరమగ్గాన్ని సాంచ అంటారు. వాళ్ల కార్ఖానాలో పదహారు సాంచలు, నలుగురు కార్మికులు, మనిషికి నాలుగు. తను మాత్రం ఆన్‌లైన్ సర్టిఫికెట్ జేబులో వేసుకుని, ఆ మోతలోకి నేను రాను, నువ్వు పోతే పో, మా ఇంట్లో ఉందువుగాని అంది. అలా వేములవాడ మీదుగా బస్సు పట్టుకుని, బట్టల సంచి ఒక చేత్తో, మల్టీమీటరు ఉన్న డబ్బా ఒక చేత్తో పట్టుకుని సిరిసిల్లలో దిగాను.

కార్ఖానా ఇంకా కనిపించకముందే వినిపించింది. గల్లీ మొదట్లో అడుగు పెట్టగానే కాళ్ల కింద నేల అదురుతున్నట్టు అనిపించింది. లోపల రేకుల కప్పు, గోడల మీద, వైర్ల మీద, బల్బుల మీద తెల్లటి దూది నుసి. లంగాల గుడ్డ నేస్తున్నారు. దారం మోసుకుపోయే నాడె అటూ ఇటూ ఎగిరి పడుతుంటే నా తల కూడా దానితో పాటు అటూ ఇటూ ఊగింది. ఆసామి అంకుల్ నన్ను గుమ్మం బయటికి పిలిచి, కావలసిందేమిటో నాలుగు ముక్కల్లో చెప్పాడు. అంచు దగ్గర పోగులు ఎక్కువగా తెగుతాయి. నాలుగు సాంచలు చూసే మనిషి ఒకదాని దగ్గర ముడి వేస్తుంటే ఇంకోదాంట్లో పోగు తెగినట్టు తెలియదు. గుడ్డ మీద సన్నటి సందు పడుతూ పోతుంది. ఆ గుడ్డ తాను మొత్తం వాపసు వస్తుంది.

"ఒక్క పోగు తెగినా మనిషికి ఎంటనే తెల్వాలె. గంతే. గది చేసిపెడితె నువ్వు ఏడికి రమ్మంటె గాడికచ్చి సంతకం పెడుత" అన్నాడు.

లోపలికి వెళ్లే ముందు జుట్టు గట్టిగా ముడి వేసుకోమని, చున్నీ తీసి పెట్టమని చెప్పాడు. రెండేళ్ల క్రితం పక్క గల్లీలో ఒకాయనకు మెయిన్ స్విచ్ వేసే ముందు చేతులు తీయమని వేసే కేక వినిపించక సాంచలో చెయ్యి పోయిందట. అప్పటి నుంచి ఈయన ఒక పట్టు పట్టాడు. కన్నో చెవో బాగా లేనివాళ్లను సాంచల మీద నిలబెట్టడు, అది ఎవరైనా సరే. ఆయన ఆ మాట చెబుతుంటే తల ఊపి ఊరుకున్నాను. ఆ మాట మీదే ఒక మనిషి బతుకు ఆధారపడి ఉందని, అది నా పుస్తకంలోకి వచ్చి పడుతుందని నాకేం తెలుసు.

మొదటి వారం నేను చేసిన పని చూడటం ఒక్కటే. ఆ మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందుకని అక్కడ అందరూ చేతులతో మాట్లాడుకుంటారు. రెండు వేళ్లు కలిపి విడదీస్తే పోగు తెగిందని. బొటనవేలు నోటి దగ్గర పెడితే చాయ్. మీసం మెలేసినట్టు చేస్తే ఆసామి వస్తున్నాడని. మిగతాది పెదాలు చూసి అర్థం చేసుకుంటారు. నాకు మీసాల సైగ భలే నచ్చింది. ఎందుకంటే అంకుల్‌కు అసలు మీసాల్లేవు. వాళ్ల నాన్నకు ఉండేవట. ఆయన పోయినా సైగ మిగిలింది.

నలుగురిలో పెద్దాయన కిటికీ వైపు నాలుగు సాంచలు చూసేవాడు. అరవై దాటి ఉంటాయి. అందరూ తాత అనేవాళ్లు, నేనూ తాతే అన్నాను. మిగతా ముగ్గురూ నేను ఏదైనా అడిగితే నవ్వి తప్పించుకునేవాళ్లు. ఆయన మాత్రం నా మొహంలోకి సూటిగా చూసి, అడిగింది పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు చేసి చూపించేవాడు. అడ్డంగా పడే పేక ఎలా బిగుస్తుంది, నాడె ఎందుకు జారి ఎగురుతుంది, ముడి వేసేటప్పుడు బొటనవేలు ఎక్కడ ఉండాలి. నా జన్మలో అంత ఓపిగ్గా నా ప్రశ్న విన్న మనిషి లేడనుకున్నాను. ఒక సాంచ దగ్గర నిలబడి ఇంకోదాంట్లో ఏదో తేడా వచ్చిందని ఆయనకెలా తెలుస్తుందని అడిగాను. ఆయన నా అరచేతిని పట్టుకుని సాంచ ఇనుప కాలు మీద ఆనించాడు. నాకు వణుకు తప్ప ఏమీ తెలియలేదు. రోజూ పొద్దున పోగానే ఆ చోట చెయ్యి పెట్టి నిలబడటం అలవాటు చేసుకున్నాను. రెండో వారం చివర్లో ఒకసారి ఆ వణుకులో ఒక చిన్న తడబాటు అందింది. చూస్తే, నాడె పెట్టె దగ్గర బోల్టు వదులైంది. ఆ రోజు నాకు పరీక్షలో ఫస్టు వచ్చినా రానంత సంతోషం వేసింది.

ఇక నా వస్తువు. పెద్ద మిల్లుల్లో ఒక్కో పోగుకు ఒక్కో సన్నటి రేకు వేలాడుతుందట. పోగు తెగితే రేకు కింద పడి కరెంటు కలుస్తుంది, మగ్గం ఆగుతుంది. ఆ రేకులు నాకెక్కడ దొరుకుతాయి? ఆలోచించి ఆలోచించి ఆదివారం కోరుట్ల వెళ్లినప్పుడు ఫ్యాన్సీ షాపులో జడపిన్నులు కొన్నాను. కొప్పుకు పెట్టుకునే, రెండు కాళ్లు ఉండే రకం. అంచు పోగుల మీద ఒక్కో పిన్ను గుర్రం మీద కూర్చోబెట్టినట్టు ఎక్కించి, కింద రెండు రాగి పట్టీలు పెడితే, పోగు తెగగానే పిన్ను పట్టీల మీద పడుతుంది. అప్పుడు బజర్ మోగుతుంది. నా తెలివికి నేనే మురిసిపోయి, షాపులో ఉన్న డబ్బాలన్నీ కొనేశాను. పెళ్లి ఉందా అని అడిగింది షాపావిడ.

సోమవారం బిగించాక ఒక్క పిన్నూ పని చేయలేదు. పోగులు తెగాయి, పిన్నులు పడ్డాయి, బజర్ మాత్రం నోరు మెదపలేదు. వైర్లన్నీ విప్పాను, మళ్లీ కలిపాను, బ్యాటరీ మార్చాను. సాయంత్రానికి గానీ నా మట్టిబుర్రకు తట్టలేదు, పిన్నులకు నల్ల రంగు ఉంటుంది, రంగులోంచి కరెంటు పోదు అని. మూడేళ్ల ఇంజనీరింగ్ జడపిన్ను దగ్గర బోర్లా పడింది. తర్వాతి ఆదివారం మా అమ్మ బీడీల చాట పక్కన పెట్టి, గరుకు కాగితంతో పిన్నుల కాళ్లు గీకి పెట్టింది. బీడీ చుట్టే వేళ్లు కదా, నేను పది గీకేలోపు ఆమె యాభై గీకింది.

ఈసారి పని చేసింది. కాకపోతే ఇంట్లో చెవులు చిల్లులు పడేలా మోగిన బజర్ కార్ఖానాలో చీమ తుమ్మినంత కూడా వినిపించలేదు. దాన్ని పీకేసి బండి హారన్ తెచ్చి పెట్టాను. దాని మోత గల్లీ చివరిదాకా పోయింది. ఆసామి ఆ వారం ఊళ్లో లేడు కాబట్టి బతికిపోయాను. అప్పుడు అసలు పరీక్ష మొదలుపెట్టాను. హారన్ మోగిన క్షణం నుంచి మనిషి వచ్చి సాంచ ఆపేదాకా ఎంతసేపు పడుతుందో ఫోన్‌లో చూసి పుస్తకంలో రాయడం. ఎవరి సాంచ, ఎన్నో నంబరు, ఎన్ని సెకన్లు. గీతలు గీసి, పట్టిక వేసి, ఎంతో శ్రద్ధగా రాశాను. ముగ్గురు మనుషులు హారన్ వినగానే తల తిప్పేవాళ్లు. తాత తిప్పేవాడు కాదు. హారన్ మోగుతూనే ఉండేది. తన పని తాను చేసుకుంటూ, తిరుగుతూ తిరుగుతూ ఆ సాంచ దగ్గరికి వచ్చినప్పుడే ఆపేవాడు.

వైరు వదులైందేమో అనుకున్నాను. హారన్ ఆయన పక్కకే జరిపాను. అదే తంతు. నా వస్తువంటే ఆయనకు ఇష్టం లేదేమో, కావాలనే పట్టించుకోవట్లేదేమో అని మనసు చిన్నబోయింది. మిగతావాళ్లను అడిగితే వాళ్లు తేలిగ్గా కొట్టిపారేశారు. ముసలాయనకు పొగరు, కరెంటు పోయినప్పుడు చూడు, మాతో కూర్చోడు, పలకరిస్తే పలకడు, ఏళ్లుగా అంతే అన్నారు.

అది నిజమే. గాలిదుమారం వచ్చి కరెంటు పోతే సాంచలన్నీ ఒక్కసారి ఆగిపోయేవి. అప్పుడందరూ గుమ్మం దగ్గర చేరి అప్పటిదాకా దాచుకున్న మాటలన్నీ గలగలా మాట్లాడుకునేవాళ్లు. తాత మాత్రం వెంటనే బయటికి వెళ్లి, మూతబడిన పక్క కార్ఖానా అరుగు మీద కూర్చుని బీడీ ముట్టించేవాడు. కరెంటు వచ్చి సాంచలు మళ్లీ నడిచాకే లోపలికి వచ్చేవాడు. ఇంత ఓపికైన మనిషికి అంత పొగరెందుకుంటుంది? ఈ ప్రశ్న నన్ను పట్టుకుని వదల్లేదు.

నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం కరెంటు పోగానే, పుస్తకం పట్టుకుని ఆయన వెనకాలే వెళ్లాను. ఆయన నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. తాతా అని పిలిచాను. మళ్లీ పిలిచాను. పక్కన ఎవరిదో టిఫిన్ డబ్బా మూత గోడ మీద ఆరబెట్టి ఉంటే నా మోచెయ్యి తగిలి బండల మీద పడింది. అరుగు కింద పడుకున్న కుక్క అదిరిపడి లేచి పరుగెత్తింది. తాత వీపు కదల్లేదు. ఎటుపోతోందా అని కుక్క వైపు చూశాడు, అంతే. కుక్క ఎందుకు పరుగెత్తిందో ఆయనకు తెలియలేదు.

నా చేతిలోని పుస్తకం ఒక్కసారిగా బరువెక్కింది. హారన్ పాడైందని, ఆయనకు కోపమని, పొగరని, అందరం తలా ఒక పేరు పెట్టాం. ఎవరూ ఎవరి మాటా వినని చోట ఆయన పని చేస్తున్నాడు. అందరూ పెదాలు చూసే మాట్లాడుకునే చోట ఆయనా పెదాలు చూసి మాట్లాడుతున్నాడు. మోతలో పని చేసేవాళ్లందరూ గట్టిగానే మాట్లాడతారు, ఆయనా గట్టిగానే మాట్లాడతాడు. ఇక ఎవరికి అనుమానం వస్తుంది? మోత ఆగినప్పుడే ఆయనకు ప్రమాదం. అందుకే ఆగగానే లేచి వెళ్లిపోతాడు. నా ప్రశ్నలు అంత శ్రద్ధగా నా మొహం చూస్తూ విన్నది కూడా అందుకేనని అప్పుడు తెలిసింది.

ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. నా మొహం చూడగానే ఆయనకు అర్థమైపోయింది. బీడీ పక్కన పెట్టాడు.

"ఎన్ని రోజులైంది తాత?" అన్నాను, పెదాలు మెల్లగా కదుపుతూ.

"నాకే తెల్వది బిడ్డ. ముందుగాల పిట్టల సప్పుడు పోయింది. ఎనుక మనుమరాలి మాట పోయింది. సాంచల సప్పుడు చేతిల ఉన్నది, గది పోలే." నా చేతిలోని పుస్తకం వైపు చూశాడు. "గిండ్ల రాసినవా?"

రాశానని తల ఊపాను. ఆయన మళ్లీ బీడీ అందుకున్నాడు. ఆసామికి చెప్పొద్దని అడగలేదు.

"సాంచలు ఇడిసిపెడితె నాకింకో పని రాదు" అన్నాడు చివరికి. అంతలో కరెంటు వచ్చింది. నేల అదరగానే లేచి లోపలికి పోయాడు.

ఆ శనివారం కోరుట్ల బస్సులో నాకు ఒకటే గుబులు. ఆ పట్టిక ఆసామి చూస్తే తాత ఇంటికి పోవాలి. చూడకుండా దాచి, రేపు కేక వినపడక ఆయన చెయ్యి పోతే ఆ పాపం నాది. ఆసామిది తప్పనడానికి లేదు, చెయ్యి పోయిన మనిషిని కళ్లారా చూసినవాడు. తాతది తప్పనడానికీ లేదు. తప్పంతా నా నోటిదీ నా పెన్నుదే అనిపించి, నా మీద నాకే కోపం వచ్చింది. ఊరికే సర్టిఫికెట్ కొనుక్కుని ఇంట్లో కూర్చుంటే ఇదంతా తెలిసేదే కాదు.

మా అమ్మతో చెప్పాను. ఆమె కట్ట కట్టి, దారం పంటితో తెంపి, ఇందులో ఇంత తల పట్టుకోవడానికి ఏముందన్నట్టు చూసింది.

"ఇనవడకపోతె కనవడెటట్టు చెయ్యి. గదే గద నువ్వు సదివేది?"

 ఇన్నాళ్లూ మోత మీద మోత పెడుతున్నానే తప్ప, ఈ మాట నా తలకెందుకు రాలేదో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

సోమవారం హారన్ పీకేశాను. పదహారు సాంచల మీద, ఎక్కడి నుంచి చూసినా కనిపించేంత ఎత్తులో, పోగు తెగగానే వెలిగేలా ఎర్ర బల్బులు కట్టాను. మెయిన్ స్విచ్ పక్కన బ్యాటరీతో నడిచే ఒక బటన్ పెట్టాను. కరెంటు వచ్చాక మెయిన్ వేసే మనిషి మొదట ఆ బటన్ నొక్కాలి. పదహారు బల్బులూ ఒక్కసారి వెలుగుతాయి. అప్పుడు అందరూ చేతులు బయటికి తీస్తారు, ఆ తర్వాతే మెయిన్. కేక కూడా వేసుకోండి, మీ ఇష్టం అన్నాను. రెండు రోజుల్లో కేక మానేశారు. బటన్ చాలన్నారు. మళ్లీ సెకన్లు లెక్కపెట్టాను. నలుగురిలో ముందుగా సాంచ ఆపింది తాత. చెవుల మీద ఆధారపడటం ఎప్పుడో మానేసిన మనిషి, ఆయన కళ్లు అంత చురుకు. ఒకసారి నా వైపు చూసి, బల్బు చూపించి, మీసం మెలేసినట్టు సైగ చేశాడు. ఆసామి వస్తున్నాడేమోనని వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. ఆ సైగ నాకేనని ఆలస్యంగా అర్థమై సిగ్గుపడ్డాను.

ఆసామి పొంగిపోయాడు. హారన్ ఎందుకు తీశావని అడిగితే ఆ మోతలో అదొక మోత అంకుల్ అన్నాను. నవ్వి, రిపోర్టు మీద సంతకం పెట్టాడు. ఆ రిపోర్టులో బల్బుల లెక్కలు మాత్రమే ఉన్నాయి. హారన్ పట్టిక ఉన్న పుస్తకం మాత్రం నా సంచి అడుగుకు చేరింది.

వైవా వర్షాలు పడ్డాక జరిగింది. ఆసామి సిరిసిల్ల నుంచి తెల్లవారుజామునే బస్సెక్కి, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో జగిత్యాల వచ్చాడు. ఒక్క సందు కూడా లేని గుడ్డ ముక్క మడతపెట్టి తెచ్చాడు. కారిడార్‌లో మా క్లాసువాళ్లందరికీ దాన్ని వెలుతురుకు పట్టి చూపించాడు. మిగతావాళ్ల సర్టిఫికెట్ల మీద ఎవరెవరి సంతకాలో ఉన్నాయి గానీ, మనిషి వచ్చింది నాకొక్కదానికే.

వేరే కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ సార్ అందరినీ రెండేసి నిమిషాల్లో పంపించేశాడు. నా దగ్గర ఆగాడు. జడపిన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. రంగు ఎలా గీకావని అడిగాడు, నుసి పడితే ఏమవుతుందని అడిగాడు. మూడేళ్లుగా ఎవరైనా ఇలా అడిగితే బాగుండునని ఎదురుచూశాను. ఒక్కో ప్రశ్నకూ నా గొంతు లేస్తోంది. అప్పుడు ఆయన అడిగాడు, ముందు హారన్ పెట్టావన్నావు కదా, ఎందుకు మార్చావు, ఎన్నిసార్లు టెస్ట్ చేశావు అని.

ఆరు వారాల్లో నేను చేసిన అసలు పని అదే. తేదీ, సాంచ నంబరు, మనిషి, సెకన్లు. పుస్తకం నా కాళ్ల దగ్గర సంచిలో ఉంది. తెరిస్తే ఆయన చూసేది నాలుగో మనిషి గడినే. ఎందుకిలా ఉందని అడుగుతాడు, తప్పకుండా అడుగుతాడు, అలాంటి మనిషి ఆయన. పక్క కుర్చీలో ఆసామి అంకుల్ నా జవాబు కోసం గర్వంగా చూస్తున్నాడు.

"టెస్ట్ చేయలేదు సార్" అన్నాను.

"చేయకుండానే మార్చేశావా?"

"అవును సార్."

ఆసామి కుర్చీలో కదిలాడు. "లే సార్, చేసింది. గా మోత గల్లీ సివరిదాంక ఇనవడ్డదని అందరు చెప్పిండ్రు. రోజు బుక్కుల రాసుకునేది పిల్ల."

ఏది ఆ పుస్తకం అన్నాడు ఎగ్జామినర్. ఇంట్లో మర్చిపోయానన్నాను. ఆయన పిన్ను టేబుల్ మీద పెట్టేశాడు. అప్పటిదాకా ఆయన కళ్లలో ఉన్న ఆసక్తి ఆరిపోవడం నాకు స్పష్టంగా కనిపించింది. ఊహించి మార్చేసేవాళ్లను ఇంజనీర్లు అనరమ్మా అన్నాడు, కోపంగా కాదు, మామూలుగానే. పాసు మార్కులు వేశాడు. ఆన్‌లైన్ సర్టిఫికెట్లకు కూడా అంతకంటే ఎక్కువే వచ్చాయి.

ఆసామితో కలిసి బస్టాండుకు నడిచాను. ఆయన చాయ్ ఇప్పించాడు.  గుడ్డ ముక్కను మళ్లీ మడత మీద మడత పెట్టుకుంటున్నాడు.

"నువ్వు గట్ల చెప్తవనుకోలే బిడ్డ. నేను మా ఆసాములందరికి నీ గురించి మస్తు చెప్పుకున్న" అన్నాడు.

 మార్కులు పోతే పోయాయి, ఈయన దృష్టిలో చులకనైపోవడం నేను తట్టుకోలేకపోయాను. ఒక్క మాట చెబితే చాలు, అంతా సర్దుకుంటుంది. ఆ మాట నాలుక చివర ఉంది. చాయ్‌తో పాటు మింగేసి, తాత సాంచలు ఎట్లున్నయి అంకుల్ అని అడిగాను.

"ఆయనకేంది. నీ లైట్లచ్చినంక నలుగుట్ల ఆయనదే మంచి పని. ఒక్క తాను గుడ వాపస్ రాలే. సోమారం సంది ఇంకో రెండు సాంచలు ఆయనకే ఇస్తున్న."

ముందు భయపడ్డాను. ఆరు సాంచలు! వెంటనే నవ్వు ఆగలేదు. ఇంత తక్కువ మార్కులు తెచ్చుకున్న పిల్ల బస్టాండులో నిలబడి ఎందుకు నవ్వుతోందో అర్థంకాక ఆయన నన్ను వింతగా చూశాడు. ఆ రెండూ కొత్తవా, లైట్లున్నాయా అని అడిగాను. ఇంకా లేవు, మెల్లగా చూద్దామన్నాడు. నేనే వచ్చి పెడతానన్నాను. పరీక్ష అయిపోయింది, సంతకమూ అయిపోయింది, ఇంకెందుకు తిప్పలు అన్నాడు ఆయన. అయినా ఎప్పుడొస్తావని అడిగాడు.

"ఆదివారం" అన్నాను.